ఎండను బట్టియా, ఇంజనును బట్టియా? — మోటారు కారుకు తగిన నూనె

గుంటూరు నుండి తెనాలికి పోవు రైలుమార్గముపై సంగం జాగర్లమూడి యను గ్రామమున్నది. కొమ్మమూరు కాలువ దీని ప్రక్కనే పారుచున్నది. కొన్ని తరముల క్రిందట ఇట్టి డెల్టా గ్రామములలో రైతు ఇంట కందెన కోరు యంత్రము ఎడ్లబండి యొక్కటే. ఇరుసునకు కాస్త ఆముదము పట్టించినచో బండి చప్పుడు లేక సాగెడిది. నేడు అదే వాకిట ట్రాక్టరు, మోటారు సైకిలు, కారు నిలిచియుండుట చూచుచున్నాము. ఇంజనులు మూడు విధములు. అయినను గోడవార నుండు నూనె డబ్బా తరచుగా ఒక్కటే. ట్రాక్టరుకు తెచ్చిన దానిలో మిగిలినది కారులో పోయుట పొదుపని కొందరు తలంతురు. “మనది ఎండల దేశము, పలుచని నూనె నీరైపోవును, చిక్కనిదే పోయవలెను” అని మరికొందరు సలహా చెప్పుదురు.

ఇంజను విప్పి బాగుచేయించుట సామాన్య కుటుంబమునకు చిన్న ఖర్చు కాదు. దానిని కాపాడునది మూడు నాలుగు లీటర్ల నూనె. కనుక పై సలహా శాస్త్రపరీక్షకు ఎంతవరకు నిలుచునో చూతము.

నూనె చేయు పని

రెండు లోహపు తలములను ఎంత నునుపుగా చెక్కినను, సూక్ష్మదర్శిని క్రింద అవి కొండలు లోయలుగా కనిపించును. అవి ఒకదానిపై నొకటి జరుగునప్పుడు ఆ శిఖరములు తగులుకొని తెగును, వేడెక్కును, అరుగును. ఇదియే ఘర్షణ. నూనె ఈ రెండు తలముల నడుమ చేరి వానిని విడదీయును.

అయితే బరువు మీద పడినప్పుడు ఆ నూనె ప్రక్కలకు జారిపోక ఎట్లు నిలుచును? ఈ సంగతి 1883లో ఇంగ్లండులో బీచమ్ టవర్ అను ఇంజనీరు చేసిన ప్రయోగములో అనుకొనక బయటపడినది. ఆయన రైలు పెట్టెల ఇరుసులను పోలిన ఒక ఇరుసును బేరింగులో త్రిప్పి ఘర్షణను కొలుచుచుండెను. నూనె పోయుటకై బేరింగు పైభాగమున ఒక రంధ్రము తొలిపించెను. ఇరుసు తిరుగగానే ఆ రంధ్రము నుండి నూనె పైకి ఉబికి వచ్చినది. బిరడా పెట్టగా దానిని త్రోసివేసినది. కొయ్య మేకు దిగగొట్టగా దానిని కూడ త్రోసివేసినది. ఇరుసు తాను తిరుగుచు నూనెను ఇరుకైన సందులోనికి లాగుకొనుచున్నదనియు, అచ్చట పుట్టిన ఒత్తిడియే బరువును మోయుచున్నదనియు దీనివలన తేలినది. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దీనికి గణితరూపమైన వివరణ నిచ్చెను. మోటారు ఇంజనులోని క్రాంకు ఇరుసు నేటికిని ఇదే సూత్రముపై నూనె పొరమీద తేలుచు తిరుగుచున్నది.

ఆ పొర మందము కొద్ది మైక్రానులు మాత్రమే. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మన తలవెంట్రుక మందము సుమారు 70 మైక్రానులు. 50 మిల్లీమీటర్ల వ్యాసముగల ఇరుసు నిమిషమునకు 3000 చుట్లు తిరుగునప్పుడు దాని అంచు వేగమెంతయో విద్యార్థులు లెక్కకట్టవచ్చును: సెకనునకు సుమారు 7.9 మీటర్లు, అనగా గంటకు 28 కిలోమీటర్లు. వెంట్రుకకన్న పలుచనైన పొరమీద ఇంత వేగముతో లోహము పరుగెత్తుచున్నది.

కందెనతో పాటు నూనెకు ఇతర పనులును గలవు. ముషలకమునకు నీరు చేరని చోటులనుండి వేడిని తొలగించుట, మసిని తనలో తేల్చి ఉంచుట, ఇంజను లోపల పుట్టు ఆమ్లములను విరుచుట, తుప్పు పట్టకుండ కాచుట ముఖ్యమైనవి. అందుకొరకు నూనెలో అనేక రసాయనములను కలుపుదురు.

చిక్కదనము, వేడి

ద్రవము పారుటకు అడ్డుపడు గుణమును స్నిగ్ధత అందురు. వాడుకలో దీనినే చిక్కదనమనుచున్నాము. వేడి పెరిగినకొలది స్నిగ్ధత తగ్గును. చలికాలపు ఉదయమున కొబ్బరినూనె సీసా నుండి కదలదు. మూకుడులో కాగిన నూనె నీటివలె చిందును. ఇంజను నూనెయు ఇంతే. దాని స్నిగ్ధతను 40 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద, 100 డిగ్రీల వద్ద కొలిచి, సెంటీస్టోకు అను ప్రమాణములో చెప్పుదురు. గదివేడిలో నీటి స్నిగ్ధత సుమారు 1 సెంటీస్టోకు. మన దుకాణములలో దొరకు నూనెల విలువలు కొంచెము హెచ్చుతగ్గులతో ఇట్లుండును.

0డబ్ల్యు-20: 40 డిగ్రీల వద్ద 45, 100 డిగ్రీల వద్ద 8.5
5డబ్ల్యు-30: 40 డిగ్రీల వద్ద 65, 100 డిగ్రీల వద్ద 11
15డబ్ల్యు-40: 40 డిగ్రీల వద్ద 110, 100 డిగ్రీల వద్ద 14.5
20డబ్ల్యు-50: 40 డిగ్రీల వద్ద 165, 100 డిగ్రీల వద్ద 18.5

ఈ పట్టికను మరియొకసారి చూడుడు. 40 డిగ్రీలనగా మన వేసవి మధ్యాహ్నపు గాలి వేడి. ఆ వేడిలో నిలిచియున్న కారులో కూడ నూనె, తాను పనిచేయవలసిన వేడిలో ఉండు చిక్కదనమునకు 5 మొదలు 9 రెట్లు చిక్కగా నున్నది. అనగా మనకు చెమటలు పట్టించు రోహిణి కార్తె ఎండ ఇంజనుకు ఇంకను చలికాలమే.

ఇంజను ఎచ్చట నున్నను ఒకటే వేడి

కారు ఇంజనులో మండు వాయువుల వేడి 2000 డిగ్రీలు దాటును. ముషలకపు వలయముల దగ్గర నూనె 200 డిగ్రీల వేడిని చవిచూచును. ఇంజను చుట్టు తిరుగు నీటిని మాత్రము థర్మోస్టాటు అను కవాటము అదుపులో నుంచును. నీరు 80, 90 డిగ్రీలకు కాగువరకు అది మూసికొని రేడియేటరుకు దారి ఇయ్యదు. కాగిన పిమ్మట తెరచుకొనును. అందుచేత లడఖ్ మంచులోనైనను, తెనాలి ఎండలోనైనను, పూర్తిగా వేడెక్కిన ఇంజనులో నూనె సాధారణముగ 90, 110 డిగ్రీల నడుమనే పనిచేయును. బయటి వేడి పూర్తిగా లెక్కలేనిదని కాదు. బరువు లాగుచు ఎండలో పోవునప్పుడు నూనె కొంత ఎక్కువ కాగును. కాని ఆ భేదమును ఇంజను నిర్మాతలు ముందే లెక్కలోనికి తీసికొందురు.

అయినచో “ఎండకు చిక్కని నూనె” అను మాట ఎట్లు పుట్టినది? దీనికొక కారణమున్నది. పూర్వపు నూనెలకు ఒకే అంకె ఉండెడిది: 30 అనియో, 40 అనియో. చలిలో గడ్డకట్టని నూనె వేడిలో మరీ పలుచనగును. వేడిలో నిలుచునది చలిలో కదలదు. కాబట్టి ఋతువును బట్టి నూనె మార్చుట ఆనాడు సరియైన పనియే. తరువాత నూనెలో పొడవైన గొలుసువంటి అణువులుగల పాలిమరులను కలుపుట అలవాటైనది. ఇవి చలిలో ముడుచుకొని యుండి నూనె ప్రవాహమునకు అంతగా అడ్డుపడవు. వేడిలో విచ్చుకొని నూనె మరీ పలుచన కాకుండ ఆపును. ఇట్టి నూనెలకు రెండు అంకెలుండును. ఆనాటి సలహా మాత్రము నూనె మారినను మారలేదు.

డబ్బామీది అంకెలు

ఈ అంకెలను నిర్ణయించినది అమెరికాలోని మోటారు ఇంజనీర్ల సంఘము. దానినే ఎస్.ఎ.ఇ. అందురు. నూనెలను చిక్కదనమును బట్టి వర్గీకరించు పద్ధతిని ఈ సంఘము 1911లో మొదలు పెట్టెను. 5డబ్ల్యు-30లోని డబ్ల్యు ఆంగ్లమున శీతకాలమను మాటకు మొదటి అక్షరము. దానికి ముందున్న అంకె చలిలో నూనె ఎంత సులువుగా కదలునో తెలుపును. 0డబ్ల్యు నూనెను సున్నకు దిగువ 35 డిగ్రీల వద్ద, 5డబ్ల్యును 30 వద్ద, 15డబ్ల్యును 20 వద్ద, 20డబ్ల్యును 15 వద్ద పరీక్షింతురు. అంకె తగ్గినకొలది నూనె చలిలో సులువుగా పారునని అర్థము.

రెండవ అంకె 100 డిగ్రీల వద్ద స్నిగ్ధతను తెలుపును. 6.9 నుండి 9.3 వరకు 20 తరగతి, 9.3 నుండి 12.5 వరకు 30, 12.5 నుండి 16.3 వరకు 40, 16.3 నుండి 21.9 వరకు 50. ఈ అంకెలు వేడి డిగ్రీలని కొందరు భ్రమపడుదురు. 40 తరగతి నూనె 40 డిగ్రీల ఎండకు తగినదను మాటలో అర్థము లేదు.

మన ప్రాంతమున పుష్యమాసపు వేకువలో కూడ పాదరసము సున్నకు సమీపముగ దిగదు. అట్టిచో 0డబ్ల్యు మనకెందుకని అడుగవచ్చును. ముందటి పట్టికయే దీనికి సమాధానము. మంచు లేకున్నను, రాత్రియంతయు నిలిచిన ఇంజనులో నూనె అడుగు తొట్టిలోనికి దిగియుండును. మీట త్రిప్పిన క్షణము నుండి అది సన్నని దారులగుండ కవాటముల వరకు ఎక్కవలెను. పలుచని నూనె త్వరగా చేరును, చిక్కనిది ఆలస్యముగ చేరును. ఆ కొద్ది సెకనులలో తలములకు పాత పొరయే రక్ష. నూనె పూర్తిగా కాగుటకు పది పదిహేను నిమిషములైనను పట్టును. సంగం జాగర్లమూడి నుండి తెనాలి అంగడికి పోవు కారు చాలవరకు ఆ లోపలనే గమ్యము చేరి ఆగిపోవును. అనగా దాని నూనె తన ఆయువులో పెద్ద భాగము చలి నూనెగానే పనిచేయుచున్నది.

చిక్కనిది మేలు కాదా?

నేటి ఇంజనులలో బేరింగుల సందులు, నూనె పంపు, కవాటముల కాలమును మార్చు సాధనములు, గొలుసును బిగించి పట్టు సాధనములు, ఇవన్నియు ఒక నిర్ణీత స్నిగ్ధతను తలచి రూపొందించినవి. అవసరమునకు మించి చిక్కనైన నూనెను త్రిప్పుటకే ఇంజను కొంత శక్తిని ఖర్చుచేయును. పెట్రోలు ఎక్కువ కాలును. పైగా బేరింగుగుండ పారు నూనె తగ్గి, వేడి తొలగుటయు తగ్గును. ఇటీవలి చిన్న పెట్రోలు కారులలో కొన్నింటికి నిర్మాతలే 0డబ్ల్యు-16 వంటి పలుచని నూనెను చెప్పుచున్నారు.

అట్లని పలుచనిదే ఎప్పుడును మేలని తలపరాదు. 15డబ్ల్యు-40 కోరు డీజిలు ఇంజనులో 0డబ్ల్యు-20 పోసినచో బరువు పడినప్పుడు ఆ పొర తెగి లోహము లోహమును తాకును. చిక్కదనము మంచియు కాదు, చెడుయు కాదు. ఇంజనుకు సరిపడుటయే ప్రధానము. ఏ అంకె సరిపడునో కారుతో వచ్చిన పుస్తకములో వ్రాసియుండును. కొన్ని పుస్తకములలో బయటి వేడిని బట్టి రెండు మూడు తరగతులు చూపిన పటముండును. అట్టిచో ఆ పటములోని వానిలోనే ఎన్నుకొనవలెను. గాలితో చల్లబడు మోటారు సైకిలు ఇంజనుకు థర్మోస్టాటు లేదు గనుక బయటి ఎండ దానిపై ఎక్కువ పనిచేయును. దాని పుస్తకము చెప్పు అంకె వేరుగ నుండుటకు ఇదియు నొక కారణము.

అంకె ఒక్కటే చాలదు

ఆముదము చరిత్ర ఇందుకు తార్కాణము. మొదటి ప్రపంచయుద్ధ కాలమున కొన్ని విమానముల ఇంజనులు ఆముదముతోనే నడిచినవి. దాని పొర గట్టిది. పైగా అది పెట్రోలులో సులువుగ కరగదు. క్యాస్ట్రాల్ అను నూనె పేరులో దాగినది ఆముదపు ఆంగ్లనామమే. మహబూబునగరము, నల్లగొండ సీమల మెట్టభూములలో ఈ పంట మనకు చిరపరిచితము. 100 డిగ్రీల వద్ద ఆముదపు స్నిగ్ధత 50 తరగతి నూనెకు చేరువగ నుండును. అయినను దానిని నేటి కారులో పోయరాదు. ఎక్కువ కాలము కాగిన ఆముదము గాలిలోని ప్రాణవాయువుతో కలసి జిగురై, వలయములను అంటుకొనిపోవునట్లు చేయును.

కాబట్టి డబ్బామీద స్నిగ్ధత అంకెతో పాటు నాణ్యతను తెలుపు అక్షరములను కూడ చూడవలెను. అమెరికా పెట్రోలియం సంస్థయగు ఎ.పి.ఐ. నియమించిన తరగతులలో పెట్రోలు ఇంజనులవి ఎస్ అక్షరముతోను, డీజిలు ఇంజనులవి సి అక్షరముతోను మొదలగును. పెట్రోలు వరుసలో మొట్టమొదటిదగు ఎస్.ఎ. నూనెలో ఏ రసాయనమును కలుపరు. అది 1930 తరువాత తయారైన ఇంజనులకు పనికిరాదని ఆ సంస్థయే హెచ్చరించుచున్నది. ఎస్.ఎన్. 2010లోను, ఎస్.పి. 2020లోను, ఎస్.క్యు. 2025లోను వచ్చినవి. ఈ వరుసలో వెనుక వచ్చినది ముందుదాని స్థానమున వాడదగినది. స్నిగ్ధత అంకె మాత్రము సరిపడియుండవలెను. డీజిలు వరుసలో సి.ఐ.-4 2002లోను, సి.కె.-4 2016లోను వెలసినవి.

ట్రాక్టరు నూనెను కారులో ఏల పోయరాదో దీనివలన తెలియును. డీజిలు నూనెలో మసిని, ఆమ్లములను ఎదుర్కొను రసాయనముల పాలు వేరు. పెట్రోలు కారు పొగగొట్టములో వాయువులను శుద్ధిచేయు ఉత్ప్రేరకము ఉండును. నూనెలోని భాస్వరము దానిని క్రమముగ చెరచును. భారతదేశమున 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బి.ఎస్.-6 నియమములను అనుసరించు డీజిలు కారులలో మసిని పట్టు జల్లెడ ఉండును. ఎక్కువ బూడిద మిగుల్చు నూనెను పోసినచో ఆ బూడిద జల్లెడ రంధ్రములను పూడ్చివేయును; మసివలె అది తిరిగి కాలిపోదు. అట్టి కారులకు తక్కువ బూడిదగల నూనెనే వాడవలెను.

ఇక కారు నూనెను మోటారు సైకిలులో పోయుట మరియొక పొరపాటు. చాల మోటారు సైకిళ్ళలో క్లచ్చి పలకలు ఇంజను నూనెలోనే మునిగియుండును. కారు నూనెలోని జారుడు రసాయనములవలన అవి పట్టు తప్పును. అందుచేతనే ఆ నూనె డబ్బాలపై జె.ఎ.ఎస్.ఒ. ఎం.ఎ. అను గుర్తు ఉండును.

ఎప్పుడు మార్చవలెను?

నూనె నల్లబడుటయే చెడుటకు గుర్తని చాలమంది తలంతురు. నిజమునకు మసిని తనలో తేల్చియుంచుట నూనె చేయవలసిన పనులలో నొకటి. డీజిలు కారులో క్రొత్త నూనె కొద్దిదినములకే నల్లబడును. అది పనిచేయుచున్నదని అర్థము. వ్రేళ్ళ నడుమ రాచి జిగట చూచుట కూడ పరీక్ష కాదు, ఏలయన వ్రేలి వేడి 35 డిగ్రీలు దాటదు.

నూనెను మనకు తెలియకుండ చెరచునది నీరు. ఒక లీటరు పెట్రోలు మండినప్పుడు అందలి ఉదజని ప్రాణవాయువుతో కలసి దాదాపు ఒక లీటరు నీరు పుట్టును. రసాయనశాస్త్ర విద్యార్థులు ఆక్టేను సమీకరణముతో దీనిని సరిచూడవచ్చును. ఇందులో చాలభాగము ఆవిరిగ పొగగొట్టమునుండి పోయినను, కొంత వలయముల ప్రక్కగా క్రిందికి దిగును. ఇంజను బాగుగ కాగిన అది ఆవిరై పోవును; కాగకయే ఆపినచో నూనెలో నిలిచి ఆమ్లములకు దారితీయును. కోతకాలపు దుమ్ము, బండ్ల వరుసలో నిలిచి ఇంజనును ఊరక త్రిప్పుట కూడ నూనెకు శత్రువులే. అందుచేతనే పుస్తకములలో కిలోమీటర్ల లెక్కతో పాటు నెలల లెక్కయు ఇచ్చి, వీనిలో ఏది ముందు వచ్చిన అప్పుడు మార్చుడని చెప్పుదురు. తక్కువ తిరిగిన కారుకు నూనె మార్పు అక్కరలేదనుట సరికాదు. ఫిల్టరును కూడ అప్పుడే మార్చవలెను.

తరగతి గదిలో ఒక ప్రయోగము

సూది, కాడ తీసివేసిన 10 మిల్లీలీటర్ల సిరంజిని నిలువుగ బిగించి, క్రింది రంధ్రమును వ్రేలితో మూసి ఆముదము నింపుడు. వ్రేలు తీసి, నూనె యంతయు దిగుటకు పట్టిన కాలమును గడియారముతో కొలువుడు. నూనె గిన్నెను మంచునీటిలో నుంచి ఒకసారి, గదివేడిలో ఒకసారి, సుమారు 60 డిగ్రీల వేడినీటిలో నుంచి ఒకసారి ఇట్లే చేయుడు. నూనెను మంటపై కాచరాదు. వచ్చిన కాలములను వేడికి ఎదురుగ గ్రాఫు గీచినచో రేఖ చలివైపు నిట్టనిలువుగ లేచి, వేడివైపు చదునగును. అనగా చలిలో పది డిగ్రీల భేదము స్నిగ్ధతను ఎంతో మార్చును. వేడిలో అదే పది డిగ్రీల భేదము కొంచెమే మార్చును. ఈ వ్యాసములోని ముఖ్యవిషయము ఆ రేఖలోనే కనిపించును.

దింపిన నూనె ఎచ్చటికి పోవలెను?

నూనె మార్పుతో పని ముగియలేదు. ఒక లీటరు నూనె నీటిపై ఒక మైక్రాను మందముగ పరచుకొన్నచో వేయి చదరపు మీటర్లను, అనగా సుమారు 25 సెంట్లను కప్పును. ఒక కారునుండి దింపిన 4 లీటర్లు ఒక ఎకరమును కప్పగలవు. ఆ పొర క్రింద నీటికి గాలి అందుట తగ్గును. కొమ్మమూరు కాలువలో పారునది ప్రకాశం బ్యారేజి నుండి వచ్చు కృష్ణ నీరు. సంగం జాగర్లమూడి వద్ద ఆ నీటిని తీసి శుద్ధిచేసి గుంటూరు నగరమునకు త్రాగుటకు పంపుచున్నారు. కాలువగట్టున ఇంజను కడిగి, నూనెను మురుగులోనికి వదలువారు ఈ సంగతిని మరువరాదు.

వాడిన నూనెలో కాలిన పదార్థములు, అరిగిన లోహపు రేణువులు ఉండును. పశువుల గాయములకు పూయుట, చేతులతో ఊరక తాకుట హానికరము. దానిని మూతగల డబ్బాలో పట్టి, తిరిగి శుద్ధిచేయుటకు పంపు సేకరణదారులకు ఇచ్చు షెడ్డులో అప్పగింపవలెను. వాడిన నూనె సేకరణలో తయారీదారులకును బాధ్యత నిర్ణయించు కేంద్రప్రభుత్వ నియమములు 2024 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినవి.

ఎన్నుకొను క్రమము

కారు పుస్తకములోని స్నిగ్ధత అంకెను మొదట చూడవలెను. పిమ్మట పెట్రోలుకా, డీజిలుకా యనియు, ఏ నాణ్యత తరగతియో సరిచూడవలెను. జల్లెడగల డీజిలు కారయినచో తక్కువ బూడిద నూనెనే అడుగవలెను. ముద్ర చెదరని డబ్బానే కొనవలెను. విడిగా కొలిచి పోయు నూనెను వాడరాదు. చదునైన నేలపై ఇంజను ఆపి కొన్ని నిమిషములు ఆగి, కొలతపుల్లపై రెండు గీతల నడుమ నూనె ఉండునట్లు పోయవలెను. గీత మించి పోసినచో క్రాంకు దానిని చిలికి నురుగు చేయును. నురుగు బరువును మోయలేదు.

ఈ అయిదు సంగతులు సరిపోయిన పిమ్మట ఏ సంస్థ నూనె అనునది అంత ముఖ్యము కాదు. ఇంటిలో పుస్తకము చదువగల విద్యార్థి ఒక్కడున్నను ఈ పని చేయవచ్చును. ఎండ ఎంత ఉన్నదని ఆకాశము వైపు చూచుటకు మారుగ, ఇంజను ఏమి కోరుచున్నదో పుస్తకము తెరచి చూచుటయే సరియైన మార్గము.